ఆరో పేరా

"ఎర్రవి కూడా నువ్వే కానిచ్చేయ్ విండా. నీ చెయ్యి వేగం."

ఎల్పిడియో ఆ మాట అంటూనే పేపర్ల కట్టని ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. సగం ఇస్త్రీ అయిన, సభలకి వేసుకునే తన బరోంగ్ చొక్కా నలుగుతుందేమోనని కట్టని జానెడు ఇవతలికి జరిపాడు కూడా. వీధిలో ట్రైసికిల్ హారన్ మోగింది. చర్చి పండగ కమిటీకి తీసుకెళ్లడానికొచ్చిన స్నేహితుడు "సార్, ఇంట్లో పర్మిషన్ దొరికిందా లేదా?" అని కేకేశాడు. "పర్మిషన్ ఏంట్రా, పని అప్పజెప్పి వస్తున్నా" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు ఎల్పిడియో. శనివారం పొద్దున తొమ్మిది కూడా కాలేదు.

రోస్విండ ఇస్త్రీపెట్టె నిలబెట్టి కట్ట విప్పింది. ఏడో తరగతి, రెండు సెక్షన్లు, తొంభై రెండు పేపర్లు. పిల్లలు ఒక సమాచార వ్యాసం చదివి ఐదు ప్రశ్నలకి సొంత మాటల్లో జవాబులు రాశారు. ఒక్కో జవాబుకి మూడు మార్కులు. ప్రతి పేపర్నీ ఇద్దరు టీచర్లు దిద్దాలి. మొదటివారు ఎర్ర పెన్నుతో ఒక చీటీ మీద, రెండోవారు ఆకుపచ్చ పెన్నుతో ఇంకో చీటీ మీద మార్కులు వేయాలి. ఒకరి చీటీ మరొకరు చూడకూడదు. ఏ జవాబు దగ్గరైనా ఇద్దరికీ ఒక మార్కు కంటే ఎక్కువ తేడా వస్తే, ఎందుకలా వేశారో చీటీ వెనక రాసి, పేపర్ని మూడో వాల్యుయేషన్‌కి ప్రిన్సిపాల్ దగ్గరికి పంపాలి. ఎర్ర పెన్ను శాఖ పెద్ద ఎల్పిడియోది. ఆకుపచ్చ పెన్ను రోస్విండది.

నాలుగేళ్లుగా రెండు పెన్నులూ రోస్విండ చేతిలోనే ఉన్నాయి.

మొదటి ఏడు అతనికి నిజంగానే జ్వరం. రెండో ఏడు చర్చిలో పాటల పోటీ. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేశాడు. అతని అంకెలు ఎలా వేయాలో ఆమెకి వచ్చేసింది. మూడుకి తల చదునుగా ఉండాలి, ఒకటి కుడివైపు వాలాలి. మొదట్లో చాలా నిజాయితీగా చేసేది. ఎర్రవన్నీ దిద్దాక, చూసినవి మరిచిపోవడం కోసం వెళ్లి బట్టలు ఉతికి వచ్చేది, బియ్యం కడిగి పెట్టేది, అప్పుడు ఆకుపచ్చ పెన్ను పట్టుకునేది. ఒక్క మనిషే ఇద్దరు మనుషులుగా మారడానికి ఎంత కష్టపడిందో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. పోనుపోను, మార్కులు మరీ కలిసిపోతే అనుమానం వస్తుందని తనే అక్కడక్కడ ఒక మార్కు తేడా పెట్టేది, కూరలో ఉప్పు చిలకరించినట్టు. అయినా ఇద్దరి మార్కులూ తొంభై ఏడు శాతం కలిశాయి. చుట్టుపక్కల ఏ బడిలోనూ అరవై దాటలేదు. అందుకని సోమవారం పదకొండు బళ్ల టీచర్లు ఇక్కడికొస్తున్నారు, ఈ విద్య నేర్చుకుందామని. ఇస్త్రీ అవుతున్న చొక్కా ఆ సభకే. "ఇద్దరు మనుషులు ఒకేలా ఆలోచించడం ఎలాగో వాళ్లకి చెప్పాలి విండా, నాలుగు ముక్కలు రాసిపెట్టు" అన్నాడు గురువారం నాడు. అవీ రాసిపెట్టింది.

"కూర్చునే ఉన్నావుగా ఇందాయ్" అంది అత్తగారు, మునగ కొమ్మలు తెచ్చి ఒళ్లో పడేస్తూ. "కళ్లు పేపరు మీద, వేళ్లు ఆకు మీద. కళ్లకి వేళ్లతో పనేముంది?"

"రెండు పెన్నులున్నాయి నానాయ్." ఆవిడకి కోడలు ఇందాయ్, అంటే అమ్మాయి; కోడలికి ఆవిడ నానాయ్, అంటే అమ్మ.

"ఉంటే? కూర్చుని చేసేది కూడా ఒక పనేనా! మా తోతో చూడు పాపం, సెలవు రోజు కూడా ఊరంతా తిరుగుతున్నాడు."

ఆవిడ తోతోకి, అంటే చిన్నబాబుకి, నలభై మూడేళ్లు. రోస్విండ ఆకు దూసింది. దూస్తూనే పేపర్లు చదివింది.

వ్యాసం పేరు 'ఎండు చేప మన కంచంలోకి ఎలా వస్తుంది'. కింద అచ్చులో ఎల్పిడియో పేరు ఉంటుంది. ఐదో ప్రశ్న ఇది: 'ఈ కుటుంబాన్ని ఎవరు పోషిస్తున్నారు? వ్యాసంలోంచి ఆధారం చూపించండి.' జవాబుల కీలో రెండే రెండు ముక్కలు: 'జాలరి. ఆధారం, ఆరో పేరా మొదటి వాక్యం. వేరే ఎవరి పేరు రాసినా సున్నా.' పిల్లలంతా ఆరో పేరాలో వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. మూడు, మూడు, మూడు. వేలు దానంతటదే తల చదునైన మూడు వేసుకుంటూ పోయింది.

నలభయ్యో పేపరో, నలభై ఒకటో. జునాలిన్ గెల్యాడా.

ఆ పిల్ల కిటికీ పక్క బెంచీలో ఒక్కతీ కూర్చుంటుంది. ఒంటికి ఉప్పునీళ్ల వాసనని పక్కన ఎవరూ కూర్చోరు. బయటికి చదవమంటే ప్రతి మాట దగ్గరా ఆగుతుంది, గుంటలు దాటినట్టు. "ఆ చేపల పిల్లకి చదువంటదు, ఉప్పు పట్టేసింది" అని ఎల్పిడియో టీచర్ల గదిలో జోకు వేస్తే అందరూ నవ్వారు. రోస్విండ కూడా నవ్వింది. మొదటి నాలుగు ప్రశ్నల్లో ఆ పిల్లకి ఆరు మార్కులొచ్చాయి. ఎనిమిది దాటకపోతే చదువు రానివాళ్ల తరగతిలో వేస్తారు, అది బడి వదిలాక సాయంత్రం అయిదున్నర దాకా. మొన్న బుధవారం జునాలిన్ గుమ్మం పట్టుకుని నిలబడి అడిగింది: "నాలుగింటికి చేపలు తీసెయ్యాలి మేడం, మంచు తగిల్తే పాడవుతాయి. ఆ తరగతిలో వేస్తే అమ్మ బడి మానిపించేస్తుంది. నన్ను వేస్తారా?" "బాగా రాస్తే ఎందుకు వేస్తారే" అంది రోస్విండ అప్పుడు.

ఐదో ప్రశ్నకి జునాలిన్ పేజీన్నర రాసింది. అక్షరాలు వంకరగా, ఎండిన చేపల్లా ఒకదాని మీదొకటి.

'ఆరో పేరాలో జాలరి తన ఒక్కడి కష్టంతో కుటుంబాన్ని పోషిస్తాడు, భార్య సాయపడుతుంది అని ఉంది. కానీ మొదటి పేరాలో జాలరి తియో ఫెలిమోన్ తెల్లవారుజామున మూడింటికి వెళ్లి ఎనిమిదింటికి వచ్చాడు. అది అయిదు గంటలు. రెండో పేరాలో ఆమె చేపలు చీల్చింది. మూడో పేరాలో కోడిగుడ్డు తేలేంత ఉప్పునీళ్లు కలిపింది. నాలుగో పేరాలో తడికెల మీద పరిచి రోజుకి మూడుసార్లు తిప్పింది, వాన వస్తే లోపలికి మోసింది. అది మూడు రోజులు. ఐదో పేరాలో సంతకి తీసుకెళ్లి అమ్మింది. నేను వాక్యాలు లెక్కపెట్టాను. అతను ఆరు వాక్యాల్లో ఉన్నాడు. ఆమె ఇరవై ఒకటి. అతనికి పేరుంది. ఆమెకి లేదు. కాబట్టి పోషించేది ఇద్దరూ, ఎక్కువ ఆమె. ఆరో పేరా రాసినవాళ్లు పై ఐదు పేరాలూ చదవలేదనుకుంటాను.'

రోస్విండ చేతిలో మునగ రెమ్మ అలాగే ఆగిపోయింది.

ఆ ఐదు పేరాలూ ఆమె రాసినవి. రెండేళ్ల కిందట, ఇదే గదిలో, ఇదే కిటికీ దగ్గర. స్థానిక పాఠం ఒకటి తయారు చేయమని ఎల్పిడియోకి పై నుంచి కాగితం వస్తే, "నీకు చేపల సంగతి తెలుసుగా" అన్నాడు. తెలుసు. వాళ్లమ్మ చేసిన పని అది. ఉప్పు కోసిన వేళ్లతో అమ్మ ఆమెకి జడలు వేసేది, ఆ వేళ్లు జుట్టుకి తగులుకునేవి. అందుకే వ్యాసంలో ఆడమనిషికి అమ్మ పేరే పెట్టింది, తియా సలింగ్ అని. ఎల్పిడియో చదివి, పేరు కొట్టేసి 'అతని భార్య' అని రాశాడు. "ఒక్క వ్యాసంలో రెండు పేర్లెందుకు, పిల్లలు తికమకపడతారు." తర్వాత ఒక పేరా కలిపాడు. "నువ్వు బాగానే రాస్తావు విండా, కానీ ముగించడం చేతకాదు నీకు. ఎక్కడో గాలికి వదిలేస్తావు." సంతలో చివరి చేప అమ్మి ఆమె చేతులు కడుక్కునే చోట రోస్విండ వదిలేసింది. అక్కడ అతను జాలరి గురించి మూడు వాక్యాలు రాసి, కింద తన పేరు వేసుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమేం ఖర్మ, తనే కూర్చుని దాన్ని టైపు చేసిపెట్టింది.

ఈ వ్యాసాన్ని ప్రిన్సిపాల్ చదివింది, పై అధికారులు చదివారు, బహుమతి ఇచ్చారు. ఒక్కరికి కూడా అతుకు కనపడలేదు. పన్నెండేళ్ల పిల్లకి, మాట మాటకీ ఆగే పిల్లకి, వేరే చెయ్యి ఎక్కడ మొదలైందో కనపడింది.

సంతోషం ముందు వచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. ఎల్పిడియో మీద అనుకుంది మొదట. కాసేపటికి పోయినేడు ఇదే ప్రశ్నకి ఇంకో పిల్ల రాసిన జవాబు గుర్తొచ్చింది. 'ఇద్దరూ' అని రాసిందా పిల్ల, ఒక్క మాట. కీ చూసి సున్నా వేసింది రోస్విండ. ఎర్ర సున్నా, బియ్యం కడిగి వచ్చాక ఆకుపచ్చ సున్నా. మొగుడి చేత్తో ఒకటి, తన చేత్తో ఒకటి. ఆ పిల్ల సాయంత్రం తరగతికి నెల్లాళ్లు వచ్చి మానేసింది. ఇప్పుడు ఇలోయ్‌లో పట్నంలో ఎవరింట్లోనో పసిపిల్లల్ని ఆడిస్తోందని విన్నది. రోస్విండ తన తల్లి గురించి రాసిన వ్యాసం అది. దానికి సరైన జవాబు రాసిన పిల్లకి ఆమే రెండుసార్లు సున్నా వేసింది. ఎవరూ చెయ్యి పట్టుకుని వేయించలేదు.

ఎర్ర పెన్ను మూత తీసే ఉంది. ఇప్పుడు చేయవలసింది చాలా తేలిక. రెండు చీటీల మీదా మూడు వేస్తే తొమ్మిది మార్కులొస్తాయి, జునాలిన్ గట్టెక్కుతుంది. ఎవరికీ తెలియదు, ఎల్పిడియో ఎప్పుడూ చూడడు. ఇలాంటి చిన్న చిన్న దొంగ దయలతోనే నాలుగేళ్లు గడిచాయి కదా. ఎర్ర పెన్ను చీటీ మీద ఆనించింది కూడా. ఆనించాక అనిపించింది: ఆ మూడు ఎల్పిడియోది అవుతుంది. అతన్ని తప్పు పట్టిన పిల్లని పెద్ద మనసుతో మెచ్చుకున్నవాడూ అతనే అవుతాడు. కీ మాత్రం అలాగే ఉంటుంది. వచ్చే ఏడు ఇంకో పిల్ల 'ఇద్దరూ' అని రాస్తుంది.

మరి పిల్ల బతుకు అడ్డం పెట్టి నేను పంతం ఆడుతున్నానా అని కూడా అనుకుంది. చాలాసేపు అనుకుంది. జునాలిన్‌కి తెలిస్తే ఏమంటుంది? దొడ్డిదారిన పోయి కూర్చో అంటే కూర్చుంటుందేమో, పాపం, నాలుగింటికి చేపలు తీయాలి కదా. కానీ ఇరవై ఏడు వాక్యాలు వేలు పెట్టి లెక్కపెట్టిన పిల్ల అది. దాన్ని దొడ్డిదారిన పంపడానికి రోస్విండకి మనసొప్పలేదు.

ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. అప్పటిదాకా రాసిన ఎర్ర చీటీలు నలభై చింపి, కొత్త చీటీలు గుచ్చింది. ఆకుపచ్చ పెన్నుతో మొదటి పేపర్నించి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కీ చూడలేదు. వాక్యం ఎత్తి రాసిన వాళ్లకి ఒకటి వేసింది. జునాలిన్ పేపరు వచ్చాక మూడు వేసి, కింద తన పేరు పూర్తిగా రాసింది. మునగాకు వాడిపోయింది. "ఇదేం దూయడం ఇందాయ్, కోడి కెలికినట్టుంది" అని అత్తగారు సాయంత్రం దాకా సణిగింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, అన్నం తిని ఎల్పిడియో టీవీ ముందు కూర్చున్నప్పుడు, కట్ట తీసుకొచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"ఏంటిది? ఎర్ర చీటీలన్నీ ఖాళీగా ఉన్నాయి?"

"అవి నీవి."

"జోకులాపు. రేపు తొమ్మిదింటికి సభ."

"ఇప్పుడు ఒంటిగంటే అయింది. తొంభై రెండు. నాకు రెండు పెన్నులకీ ఒక రోజు పడుతుంది. నీకు ఒక పెన్నేగా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. జ్వరం ఉందేమోనని చూసినట్టు చూశాడు. "ఏమైంది నీకు? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు. నేను దిద్దనంటున్నాను."

"మొగుడికి ఆ మాత్రం సాయం చెయ్యలేవా?" అంది అత్తగారు వంటింట్లోంచి. "మా రోజుల్లో పొలం దున్ని కూడా దున్నామని చెప్పుకునేవాళ్లం కాదు."

"చెప్పుకుని ఉండాల్సింది నానాయ్" అంది రోస్విండ. "చెప్పుకోలేదు కాబట్టే కదా, పొలం మామయ్యది అంటారు ఊళ్లో ఇప్పటికీ."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

ఎల్పిడియో విసుక్కుంటూ ఎర్ర పెన్ను తీశాడు. బాస్కెట్‌బాల్ చూస్తూ దిద్దాడు. ఒక్కో పేపరు రెండు గుక్కల కాఫీ. సగమయ్యాక ఒక చోట ఆగి పకపకా నవ్వాడు. "ఇది విన్నావా? ఆ చేపల పిల్ల, చదవడం రాదు గానీ లెక్కపెట్టడం వచ్చు! ఆరు వాక్యాలట, ఇరవై ఒకటట." తర్వాత నవ్వు ఆగింది. "ఆరో పేరా రాసినవాళ్లు పైవి చదవలేదట. ఎంత పొగరు! నేను రాసిన వ్యాసం నేనే చదవలేదా?"

"నువ్వు రాసిందా?" అంది రోస్విండ.

"మరి?" నిజంగా ఆశ్చర్యపోయాడు. అబద్ధం చెప్తున్న ముఖం కాదది. "నువ్వు టైపు చేశావు, అంతేగా."

రోస్విండ తిట్టలేదు. చేతిలో ఏమీ లేదు కాబట్టి విసిరెయ్యలేదు కూడా. అతను దొంగిలించాడని ఇన్నాళ్లూ అనుకుంది. దొంగకైనా వస్తువు ఎవరిదో గుర్తుంటుంది. ఇతనికి గుర్తు కూడా లేదు. పెళ్లయిన పదిహేనేళ్లలో అతనికి గుర్తు లేనివి ఇంకెన్ని ఉన్నాయో ఆమెకి ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. అతని ప్రమోషన్ కోసం రాసిన పరిశోధన వ్యాసం, అతను చదివి చప్పట్లు కొట్టించుకున్న వీడ్కోలు ఉపన్యాసాలు, అతని తండ్రి మంచాన పడ్డ పదకొండు నెలలు.

అతను జునాలిన్ చీటీ మీద పెద్ద సున్నా వేశాడు. గుండ్రంగా, బాగా ఒత్తి.

అన్నీ అయ్యాక రోస్విండ రెండు చీటీలూ పోల్చింది. అరవై ఒక్క పేపర్లలో తేడా వచ్చింది. "కీ ఉండగా నీకు నచ్చినట్టు వేస్తావా? రేపు నా పరువేం కాను?" అని ఎల్పిడియో గిన్నెలు అదిరేలా అరిచాడు. ఆమె జునాలిన్ ఆకుపచ్చ చీటీ తిప్పి, కారణం రాయాల్సిన చోట రాయడం మొదలుపెట్టింది. అతను అరుస్తూనే ఉన్నాడు. ఆమె రాస్తూనే ఉంది.

సోమవారం ఏడున్నరకి ప్రిన్సిపాల్ గదిలో కాఫీ వాసన. బయట ఆవరణలో కుర్చీలు వేస్తున్నారు. గ్రెగోరియా మేడం రొట్టె తుంచి కాఫీలో ముంచుతూ, అరవై ఒక్క పేపర్ల కట్ట చూసి, "ఇదేంటి? నాలుగేళ్లలో నా దగ్గరికి ఒక్కటి రాలేదు" అంది.

"నాలుగేళ్లుగా రెండు చీటీలూ నేనే రాశాను మేడం. ఆయన అంకెలు కూడా నేనే వేశాను. నా తప్పు కూడా ఉంది ఇందులో, ఏ చర్య తీసుకున్నా సరే. ఈ ఏడు మాత్రం ఎవరివి వాళ్లం రాశాం."

గ్రెగోరియా మేడం రొట్టె కప్పులో విరిగి మునిగిపోయింది. "ఈ మాట ఇవాళే చెప్పాలా రోస్విండా? పదకొండు బళ్లవాళ్లకి బయట నూడుల్స్ వండిస్తున్నాను."

"వాళ్లకేం చెప్పాలో మీరూ సారూ చూసుకోండి. పైనున్న పేపరు ఒక్కటి ఇప్పుడే చూడండి. దీని మీద ఒక పిల్ల చదువు ఆధారపడి ఉంది. మూడో వాల్యుయేషన్ మీదే కదా."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. జునాలిన్ జవాబు చదివింది. మళ్లీ మొదటికి వచ్చి, వేలు పెట్టుకుని చదివింది. ఎర్ర సున్నా చూసింది. ఆకుపచ్చ చీటీ వెనక్కి తిప్పి, రోస్విండ రాసిన కారణం పెదవులు కదుపుతూ చదివింది: 'ఈ వ్యాసంలో మొదటి ఐదు పేరాలు నేను రాశాను. ఆరో పేరా నేను రాయలేదు. అందులో ఉన్నది పై ఐదు పేరాలకి విరుద్ధం. ఈ విద్యార్థిని జవాబు సరైనది. జవాబుల కీ తప్పు.'

బయట ఎవరో మైకు సరిచూస్తున్నారు. ఇస్త్రీ చొక్కాలో ఎల్పిడియో వేదిక దగ్గర ఎవరితోనో చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు.

గ్రెగోరియా మేడం డ్రాయరు లాగి నీలం పెన్ను తీసింది. మూడో గడిలో మూడు వేసి, సంతకం పెట్టింది. పేపరు వెంటనే ఇవ్వలేదు.

"ఈ సంగతి ఆ పిల్లకి ఎవరు చెప్పారు? నువ్వేనా?"

"ఎవరూ చెప్పలేదు మేడం" అంది రోస్విండ. "చదివింది."